చదివాం, షేర్ చేశాం, మర్చిపోయాం: కంపెనీ లాయర్లకి "అప్‌డేట్" అంటే అసలేంటి?

గుంటూరులో ఒక మసాలా ఎక్స్‌పోర్ట్ కంపెనీలో నేను లీగల్ చూస్తా. కంపెనీ పేరు అనవసరం, మిర్చి ఘాటుకి పొద్దున్నే తుమ్ములొచ్చే ఆఫీసు అనుకోండి చాలు. రెండేళ్ళ కిందట ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళతో తడిసిన టిక్కీల (మిర్చి బస్తాల) దగ్గర గొడవొచ్చింది, లెక్క తేలలేదు, సరే ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బదులు ఆర్బిట్రేటర్ అనే ప్రైవేటు తీర్పరి దగ్గరికి, పోదాం అని బీరువాలోంచి అగ్రిమెంట్ తీశా. అందులో "వివాదము తలెత్తినచో కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ నియమించు ఏకైక ఆర్బిట్రేటర్ తీర్పే అంతిమము" అని చక్కగా ఉంది. నోటీసు పంపించా. అవతలి లాయరు గారు బ్రాడీపేటలో నాకు ఎప్పట్నుంచో తెలిసినాయనే, నోటీసు అందిన సాయంత్రం ఫోన్ చేసి నవ్వి "ఏందయ్యా ఇది, ఎండీ గారు వేసే ఆర్బిట్రేటరా, ఏ కాలంలో ఉన్నావు నువ్వు" అన్నారు.

ఆయన నవ్వులో న్యాయం ఉంది. ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో వచ్చిన సవరణతోనే, గొడవతో సంబంధం ఉన్న మనిషి ఆర్బిట్రేటర్‌గా కూర్చోకూడదు అని సెక్షన్ 12(5), ఏడో షెడ్యూలు వచ్చాయి. 2017లో టీఆర్ఎఫ్ కేసులో సుప్రీంకోర్టు, కూర్చోడానికి అర్హత లేని ఎండీకి ఇంకొకర్ని కూర్చోబెట్టే అర్హత కూడా ఉండదు అంది. 2019 నవంబర్‌లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో ఇంకాస్త ముందుకెళ్ళి, గొడవ ఫలితం మీద ఆశ ఉన్న ఒక పక్షం తన ఇష్టప్రకారం ఏకైక ఆర్బిట్రేటర్‌ని వెయ్యడమే కుదరదు అంది. 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం ఇదే మాట ప్రభుత్వ రంగ సంస్థల అగ్రిమెంట్లకి కూడా వర్తిస్తుందని తేల్చేసింది. అంటే మా క్లాజ్ పుట్టేటప్పటికే చచ్చిపోయి ఉంది. ఎందుకంటే అగ్రిమెంట్ తేదీ 2023.

అసలు సిగ్గుపడాల్సింది ఇక్కడ. పెర్కిన్స్ జడ్జిమెంట్ నాకు తెలీక కాదు. 2019లో వచ్చిన వారంలోనే చదివా, ముఖ్యమైన పేరాలకి పసుపు రంగు కొట్టా, మా లా కాలేజీ గ్రూప్‌లో పెట్టి నలుగురితో వాదించా కూడా. కానీ మా ఆఫీసు కంప్యూటర్‌లో "అగ్రిమెంట్ ఫైనల్ కొత్తది 2" అనే ఫైలుని మాత్రం ముట్టుకోలేదు. 2014లో ఎవరో టైప్ చేసిన ఆ ఫైలే తేదీలు మారుతూ మారుతూ 2023 దాకా వచ్చేసింది. తెలుసుకోవడం వేరు, తెలిసింది కాగితంలోకి దిగడం వేరు, ఈ రెండిటి మధ్య దూరం ఎంతుందో నాకు ఆ ఫోన్‌తో తెలిసొచ్చింది. అందుకే "కంపెనీ లాయర్లు అప్‌డేట్‌గా ఉండాలి" అని ఎవరన్నా అంటే, దేన్ని అప్‌డేట్ అంటున్నారు అని నేను ముందు అడుగుతా.

కోర్టు లాయరుకి లేని ఇబ్బంది మనకేంటి

ఏడేళ్ళు గుంటూరు కోర్టులో ప్రాక్టీస్ చేసి తర్వాత ఈ ఉద్యోగంలోకొచ్చా కాబట్టి రెండూ చూశా. కోర్టులో ఉన్నప్పుడు మనకి తెలీకుండానే మనల్ని అప్‌డేట్ చేసేవాళ్ళు చుట్టూ ఉంటారు. అవతలి లాయరు మన మీద కొత్త జడ్జిమెంట్ వేస్తాడు, జడ్జి గారు "ఇది మారింది కదండీ, చూసుకోలేదా" అంటారు, కోర్టు ఆఫీసులో ఆబ్జెక్షన్ వేసి ఫైలు వెనక్కి పంపిస్తారు, ఇవేవీ కాకపోతే బార్ రూమ్‌లో టీ తాగుతూ సీనియర్లు వాళ్ళలో వాళ్ళు తిట్టుకుంటుంటే మన చెవిన పడుతుంది. తప్పు చేస్తే ఆ వాయిదాకే తెలిసిపోద్ది, సిగ్గేసినా సరే నేర్చుకుంటాం.

కంపెనీలోకొచ్చాక ఇదంతా ఆగిపోద్ది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 49వ రూల్ ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకునే ఉద్యోగి అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చెయ్యకూడదు, ఉద్యోగంలో చేరిన సంగతి స్టేట్ బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీస్ ఆపేయాలి. 2001లో సతీష్ కుమార్ శర్మ కేసులో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. కోటు తీసి బీరువాలో పెట్టిన రోజునే బార్ రూమ్ కబుర్లు కూడా అందులోకే పోతాయి. ఇక్కడ మన డ్రాఫ్ట్ చూసేది ఫైనాన్స్ వాళ్ళు, మార్కెటింగ్ వాళ్ళు, వాళ్ళకి కావాల్సింది ఈ రోజు సంతకం అయిపోవడం. తప్పుందని చెప్పేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ తప్పు ఫైల్లో హాయిగా నిద్రపోయి, మూడేళ్ళకో నాలుగేళ్ళకో గొడవ వచ్చిన రోజు లేచి కూర్చుంటది.

పైగా చదవమని తరిమే రూలు కూడా లేదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్లకి (అక్కడి లాయర్లలో ఒక రకం) 2016 దాకా ఏడాదికి 16 గంటలు తప్పనిసరి చదువు అని లెక్కుండేది, ఆ తర్వాత గంటల లెక్క తీసేసి "నీకేం కావాలో నువ్వే చూసుకో, నేర్చుకున్నావని ఏటా డిక్లేర్ చెయ్యి" అనే పద్ధతికి మారారు. మన దగ్గర చార్టర్డ్ అకౌంటెంట్లకి గంటల లెక్కుంది, అందుకే మా సీఏ గారు డిసెంబర్ దగ్గరపడ్డాక సెమినార్ల వెంట పరిగెడతారు. అడ్వకేట్లకి అలాంటి తప్పనిసరి లేదు, ఇక ప్రాక్టీస్ ఆపేసి కంపెనీలో కూర్చున్న మనల్ని పట్టించుకునేదెవరు. సరే గంటల లెక్క ఉన్నా పెద్దగా ఒరిగేది ఉండదనేది నా అభిప్రాయం, వెబినార్‌లో కెమెరా ఆపి భోంచేసే విద్య అందరికీ వచ్చు.

తేదీల చిక్కు

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. చట్టం "వచ్చింది" అని పేపర్లో పడితే అది ఏ రకంగా వచ్చిందో చూడాలి. పార్లమెంటులో పాసవ్వడం ఒకటి, రాష్ట్రపతి సంతకం ఒకటి, అమల్లోకి తెస్తున్నాం అని గెజెట్‌లో నోటిఫికేషన్ ఇంకొకటి, దాని కింద రూల్స్ మరొకటి, కార్మిక చట్టాలైతే ఉమ్మడి జాబితా కాబట్టి రాష్ట్రం రూల్స్ ఇంకా వేరు. ఇన్ని మెట్లు ఉంటే పేపర్లో హెడ్డింగ్ మాత్రం ఒక్కటే, "కొత్త చట్టం వచ్చేసింది".

లేబర్ కోడ్‌లనే తీసుకోండి. వేతనాల కోడ్ 2019లో, మిగతా మూడూ 2020లో పాసయ్యాయి. అప్పుడు ఎన్ని వెబినార్లు, ఎన్ని పీపీటీలు, జీతాల స్ట్రక్చర్ మార్చేయాలని మా హెచ్‌ఆర్ మేడమ్ ఎంత కంగారు పడ్డారో, నేనూ ఒక 30 పేజీల నోట్ రాసిచ్చా. అమల్లోకి రాలేదు. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు, "ఇదుగో ఏప్రిల్ నుంచి" అని ప్రతి మార్చిలో ఒక పుకారు. చివరికి ఎవరూ నమ్మని స్థితికొచ్చాక 2025 నవంబర్ 21న నాలుగూ ఒకేసారి అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాల స్థానంలో. నాన్నా పులి కథే. నేను రాసిన నోట్ అప్పటికి ఏ ఫోల్డర్‌లో ఉందో నాకే తెలీదు.

వచ్చాక చూస్తే, పీపీటీలన్నీ బేసిక్ 50 శాతం దగ్గరే ఆగిపోయాయి. అది నిజమే, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంత మళ్ళీ వేజెస్‌లో కలిపి లెక్కేస్తారు, దాంతో గ్రాట్యుటీ లాంటివి పెరుగుతాయి. కానీ నా కంటికి ఆనింది చిన్న లైను. మానేసిన ఉద్యోగికైనా తీసేసిన ఉద్యోగికైనా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి అని వేతనాల కోడ్ 17వ సెక్షన్ అంటుంది. మా ఆఫర్ లెటర్‌లో ఏముందీ? "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ 45 రోజులలోపు చేయబడును". చాలా కంపెనీల లెటర్లలో ఇదే ఉంటది, ఎవరు ముందు రాశారో మిగతావాళ్ళు దించుకున్నారు. హెచ్‌ఆర్ మేడమ్‌కి చూపిస్తే, "రెండు రోజులంటే ఎలాగండీ, ల్యాప్‌టాప్ ఇచ్చాడా లేదా ఐటీ వాళ్ళు చెప్పడానికే వారం పడుతుంది" అన్నారు. ఆ మాట విన్నాకే నాకు అర్థమైంది, ఇక్కడ మారాల్సింది ఆఫర్ లెటర్‌లో ఒక లైను మాత్రమే కాదు, మనిషి రిజైన్ చేసిన రోజు నుంచి ఎవరు ఎవరికి ఏ కాగితం పంపాలనే వరసంతా మారాలి. 30 పేజీల నోట్‌లో ఈ సంగతి లేదు, ఎందుకంటే అది రాసేటప్పుడు నేను చట్టం చదివానే గానీ మా ఆఫర్ లెటర్ చదవలేదు.

క్రిమినల్ చట్టాలు దీనికి రివర్స్. 2024 జూలై 1 అని తేదీ ముందే చెప్పారు, ఆ తేదీకి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం మూడూ వచ్చేశాయి. మోసం కేసుకి 420 పోయి 318 వచ్చింది అని అందరూ జోకులేసుకున్నారు, కంపెనీలకి నిజంగా తగిలింది ఇంకో చోట. వాట్సాప్ ఆర్డర్లు, ఈమెయిళ్ళు కోర్టులో పెట్టాలంటే పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బి సర్టిఫికెట్ అని ఒక పేజీ ఉండేది, ఇప్పుడు దాని చోట సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద షెడ్యూల్లో ఇచ్చిన ఫారం ఉంది, పార్ట్ ఎ మన వైపు మనిషి, పార్ట్ బి ఎక్స్‌పర్ట్ సంతకం పెట్టాలి, ఫైలు హ్యాష్ వాల్యూ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి నంబర్, ఒక్క అక్షరం మారినా నంబర్ మారిపోద్ది. ఆ ఆగస్టులో మేమేసిన రికవరీ దావాలో మా గుమాస్తా గారు పాత 65బి నమూనానే ప్రింట్ తీసి పెట్టారు, వెనక్కొచ్చింది. ఆయన్నేం అంటాం, సిస్టమ్‌లో ఉంది అదొక్కటే.

సగం తెలిస్తే ఇంకా ప్రమాదం

జడ్జిమెంట్ల దగ్గర ఇంకో రకం చిక్కు, అదేంటంటే నిన్న తెలుసుకుంది ఇవాళ్టికి తప్పైపోవచ్చు. 2023 ఏప్రిల్‌లో ఎన్ఎన్ గ్లోబల్ కేసులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం, సరైన స్టాంప్ లేని అగ్రిమెంట్‌లో ఉన్న ఆర్బిట్రేషన్ క్లాజ్ చెల్లదు అని మెజారిటీతో చెప్పింది. మేమంతా ఉలిక్కిపడి స్టాంప్ పేపర్ల కట్టలు తీసి లెక్కలు చూసుకున్నాం. అదే ఏడాది డిసెంబర్ 13న ఏడుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని తిరగేసింది, స్టాంప్ లేకపోవడం సరిచేసుకోదగ్గ లోపమే, అంతమాత్రాన క్లాజ్ చచ్చిపోదు, ఆ సంగతి ఆర్బిట్రేటర్ చూసుకుంటాడు అని. ఎనిమిది నెలలు కూడా లేదు మధ్యలో. ఏప్రిల్‌ది చదివి డిసెంబర్‌ది చదవని వాడు, రెండూ చదవని వాడికంటే ఎక్కువ నష్టం చేస్తాడు. ఎందుకంటే చదవని వాడు ఎవర్నన్నా అడుగుతాడు, మనవాడు అడగడు, తనకి తెలుసు కదా.

పక్క రాష్ట్రంతో వచ్చే తికమక మన రెండు రాష్ట్రాల వాళ్ళకే ఉన్న ప్రత్యేక భాగ్యం. 2014 జూన్ 2 దాకా ఒకటే చట్టం, ఒకటే జీఓ, 2018 ఆఖరు దాకా ఒకటే హైకోర్టు. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో వేరే. చట్టాల పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి, జీఓల భాష ఒకటే, టైప్ చేసే పద్ధతి ఒకటే. కనీస వేతనాల మీద ఆర్నెల్లకోసారి, ఏప్రిల్‌లో అక్టోబర్‌లో, వీడీఏ (ధరలని బట్టి మారే కరువు భత్యం) పెరుగుతుంది కదా, ఒకసారి మా లేబర్ కాంట్రాక్టర్ ఒక పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసి "సార్ కొత్త రేట్లు" అన్నాడు. అకౌంట్స్ వాళ్ళు ఆ రేట్లతోనే బిల్లు కూడా పాస్ చేశారు. నెల తర్వాత చూస్తే పైన మూల చిన్న అక్షరాల్లో తెలంగాణ ప్రభుత్వం అని ఉంది. మొదటి పేజీ సగం కట్ అయి స్కాన్ అయింది, ఎవరి దృష్టీ అక్కడికి పోలేదు. అసలు మన జీఓలు వెతుక్కోవడం కూడా ఒక దశలో కష్టమే అయింది, 2021లో ప్రభుత్వం సైట్‌లో జీఓలు పెట్టడం ఆపేసింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ మొదలైంది. ఆ మూడేళ్ళ కాలానికి సంబంధించిన జీఓ కావాలంటే ఇప్పటికీ నేను ముందు తెలిసిన సెక్షన్ ఆఫీసర్ గారికి ఫోన్ చేస్తా.

ఇంకోటి, చట్టం మన డిపార్ట్‌మెంట్ తలుపు తట్టి రాదు. ఎంఎస్‌ఎంఈ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలది) 2006 నుంచీ ఉంది, చిన్న సప్లయర్‌కి 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఎవరూ భయపడలేదు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 43బి(హెచ్) అని ఒక చిన్న ముక్క చేరింది, మైక్రో, స్మాల్ సప్లయర్లకి గడువులోగా కట్టకపోతే ఆ ఖర్చు ఆ ఏడాదిలో చూపించుకోవడం కుదరదు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి అని. రాతపూర్వక అగ్రిమెంట్ లేకపోతే గడువు 45 కూడా కాదు, 15 రోజులే. అంతే, మా పర్చేజ్ డిపార్ట్‌మెంట్ ఒక్కసారి మేల్కొంది. గోతాలు తయారుచేసే ఆయనకి ఉద్యమ్ నంబర్, అంటే ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్, ఉందా, అది మైక్రోనా స్మాలా, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి ఉద్యమ్ చూపిస్తే ఆయనకీ వర్తిస్తుందా, ఇవన్నీ నా దగ్గరికొచ్చాయి. ట్రేడర్లకి ఉద్యమ్ ఇచ్చింది బ్యాంకు లోన్ల ప్రాధాన్యత కోసమే, ఆలస్యపు చెల్లింపుల లాభం వాళ్ళకి రాదు అని చెప్తే యార్డు ఆయన ఇప్పటికీ నా మీద గుర్రుగానే ఉన్నాడు. ఆ లెక్క కుదురుకునేలోపు 2025 ఏప్రిల్ 1 నుంచి మైక్రో, స్మాల్ హద్దులు పెరిగాయి, టర్నోవర్ 10 కోట్ల దాకా మైక్రో, 100 కోట్ల దాకా స్మాల్, నిన్న మీడియం అనుకున్న సప్లయర్ ఇవాళ స్మాల్. ఇక 2026 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టమే కొత్తది, సెక్షన్ నంబర్లన్నీ వేరు, మా అగ్రిమెంట్లలో "సెక్షన్ 194సి ప్రకారం టీడీఎస్" అని ఎన్నిచోట్ల రాసుందో వెతికితే కళ్ళు తిరిగాయి. జీఎస్టీ సంగతి సరేసరి, 2025 సెప్టెంబర్ 22న 12 శాతం, 28 శాతం శ్లాబుల్లో ఉన్న వస్తువులు చాలావరకు 5కో 18కో వెళ్ళిపోయాయి, కాంట్రాక్టులో మాత్రం "12 శాతం అదనం" అలాగే ఉండిపోయింది. రేటు అంకె రాయకుండా "అప్పటికి అమల్లో ఉన్న రేటు" అని రాస్తే ఈ తలనొప్పి ఉండేది కాదు, ఆ బుద్ధి ఇప్పుడొచ్చింది.

మన వృత్తి గురించే వచ్చిన పెద్ద మార్పుని మాత్రం మనవాళ్ళు చాలామంది చదవనేలేదు. 2025 అక్టోబర్ 31న, క్లయింట్లకి సలహా ఇచ్చినందుకు లాయర్లకి దర్యాప్తు సంస్థలు సమన్లు పంపడం మీద సుమోటోగా, అంటే తనంతట తానే, తీసుకున్న కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అప్పటి సీజేఐ గవాయ్ గారి ధర్మాసనం. ప్రాక్టీస్ చేసే అడ్వకేట్లకి అందులో మంచి రక్షణ దొరికింది, అది పేపర్లలో బాగా వచ్చింది. చివర్లో ఇన్-హౌస్ వాళ్ళ గురించి, అంటే మనలా కంపెనీ జీతం మీదున్న లాయర్ల గురించి, ఏమందంటే, వీళ్ళు కోర్టులో ప్రాక్టీస్ చేసే అడ్వకేట్లు కారు కాబట్టి సాక్ష్య అధినియం సెక్షన్ 132 కింద లాయరు-క్లయింట్ మాటలకి ఉండే గోప్యత వీళ్ళకి రాదు. సెక్షన్ 134 కింద కంపెనీ బయట పెట్టుకున్న న్యాయ సలహాదారుకి వీళ్ళు రాసిన ఉత్తర ప్రత్యుత్తరాలకి కొంత రక్షణ ఉంటుంది గానీ, యజమానికీ ఇన్-హౌస్ లాయరుకీ మధ్య నడిచిన మాటలకి మాత్రం ఉండదు.

దీన్ని మా ఎండీ గారికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు అరగంట పట్టింది. "అంటే నేను నీకు పెట్టే మెయిల్ రేపు బయటికొస్తుందా?" అన్నారు. రావచ్చు సార్ అన్నా. "మరి నువ్వెందుకు?" అన్నారు, నవ్వుతూనే అనుకోండి. అప్పటిదాకా మెయిల్ పైన ఎర్ర అక్షరాలతో "లీగల్లీ ప్రివిలేజ్‌డ్" (చట్టరీత్యా గోప్యం) అని పెట్టేవాణ్ణి, అదేదో తాయెత్తు అన్నట్టు. ఇప్పుడు సున్నితమైన విషయమైతే మొదట్నుంచే బయటి అడ్వకేట్ గారిని కలుపుతున్నాం, ఆయన అడిగిన సమాచారం ఆయనకే పంపుతున్నాం, నా వరకు నేను మెయిల్‌లో "ఇది మన తప్పే" లాంటి వాక్యాలు రాయడం మానేశా. ఫోన్ ఎత్తి మాట్లాడతా. ఈ తీర్పుతో నాకు కొంచెం బాధగానే ఉంది, ఒకే సలహా విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చున్న లాయరు ఇస్తే రహస్యం, నేనిస్తే కాదు. కానీ కోటు తీసి జీతం ఎంచుకుంది మనమే కదా.

సమాచారం దొరకడం ఇప్పుడు సమస్యే కాదు. నేను ప్రాక్టీస్‌లో ఉన్నప్పుడు ఏఎల్‌టీ, ఏఎల్‌డీ అనే తీర్పుల సంపుటాల కోసం సీనియర్ గారి ఆఫీసుకి వెళ్ళి దుమ్ము దులిపి చూసేవాళ్ళం, డేటాబేస్ చందా కట్టే స్థోమత అందరికీ ఉండేది కాదు. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు తన తీర్పుల ఆన్‌లైన్ సంపుటి ఈ-ఎస్‌సీఆర్ మొదలుపెట్టాక రిపోర్టయిన జడ్జిమెంట్లన్నీ ఫ్రీగా దొరుకుతున్నాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉంటాయి. చట్టం కోసం ఇండియా కోడ్ సైటు, నోటిఫికేషన్ కోసం ఈ-గెజెట్ సైటు. వాట్సాప్‌లో ఏదొచ్చినా నాది ఒకటే అలవాటు, గెజెట్ కాపీ కళ్ళతో చూసే దాకా అది పుకారే.

ఇక ఏఐ. వాడతా, దాచేదేం లేదు, 60 పేజీల జడ్జిమెంట్‌లో ఏ పేరా ముందు చూడాలో చెప్పడానికి పనికొస్తది. కానీ ఒకసారి కోల్డ్ స్టోరేజీ లైసెన్సు మీద ఏదో అడిగితే పార్టీల పేర్లు, సంవత్సరం, పేజీ నంబర్‌తో సహా ఒక అద్భుతమైన జడ్జిమెంట్ చెప్పింది, నాకు సరిగ్గా కావాల్సిన మాటే ఉంది అందులో. సరిగ్గా కావాల్సిన మాటే ఉందంటేనే అనుమానం రావాలి. ఈ-ఎస్‌సీఆర్‌లో ఆ పేజీ తీస్తే అక్కడ ఇంకేదో సర్వీస్ మ్యాటర్ (ఉద్యోగ వివాదం) ఉంది. న్యూయార్క్‌లో 2023లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో ఇలాంటి లేని కేసులే కోర్టులో పెట్టిన లాయర్లకి 5000 డాలర్లు ఫైన్ పడింది. అమెరికా సంగతి మనకెందుకు అనుకోకండి, 2024 డిసెంబర్‌లో బెంగళూరు ఇన్‌కమ్ ట్యాక్స్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఆర్డర్‌లోనే లేని కేసులు వచ్చేశాయి, తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు.

నేనిప్పుడు చేసే పని చెప్తా, గొప్పదేం కాదు. కిరాణా కొట్టు అప్పుల పుస్తకం లాంటి పొడుగు రిజిస్టర్ ఒకటి పెట్టుకున్నా. ఎడమ వైపు మారింది ఏంటి, ఏ తేదీ నుంచి అని రాస్తా. కుడి వైపు మన ఆఫీసులో ఏ కాగితం మారాలి, అది ఎవరి దగ్గర ఉంది అని రాస్తా. కుడి వైపు రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ వార్త ఎంత పెద్దదైనా నాకు కబురు మాత్రమే, కాఫీ తాగుతూ మాట్లాడుకోడానికి. కుడి వైపు ఏదన్నా పడితే ఆ కాగితం మార్చి, పాత ఫైలుని సిస్టమ్‌లోంచి తీసేసిన రోజే టిక్ పెడతా. పాతది తీసెయ్యడం ముఖ్యం, లేకపోతే గుమాస్తా గారి చేతికి అదే దొరుకుద్ది. శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఈ పనే, ఆ గంటలో మార్కెటింగ్ వాళ్ళు వచ్చి "రేపే కేసు వెయ్యాలి సార్" అన్నా కదలను. ఎటూ రేపు వెయ్యలేం కూడా, 3 లక్షలు దాటిన వాణిజ్య వివాదమైతే అర్జెంటు ఆర్డరేదీ అడగని పక్షంలో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళి రావాలి, కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎలో ఉన్న ఈ మెట్టు తప్పనిసరే అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇది వాళ్ళకి ఏడాదికి నాలుగుసార్లు చెప్తా, నాలుగుసార్లూ మొదటిసారి విన్నట్టే వింటారు.

ఇప్పుడు రిజిస్టర్‌లో టిక్ పడకుండా నన్ను చూస్తున్న లైను ఒకటుంది. డేటా రక్షణ చట్టం. 2023 ఆగస్టులో చట్టం, 2025 నవంబర్‌లో రూల్స్, అసలు బాధ్యతలు మొదలయ్యేది రూల్స్ వచ్చిన 18 నెలలకి, అంటే గెజెట్ ప్రకారం 2027 మే నెల నడుమ. జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు అనేసరికి ఐటీ వాళ్ళు సర్వర్లు, పాస్‌వర్డ్లు అని హడావుడి పడుతున్నారు. నేను మాత్రం మొన్న గేటు దగ్గరికెళ్ళి చూశా. మిర్చి లోడుతో వచ్చే ప్రతి లారీ డ్రైవర్ దగ్గరా ఆధార్ జిరాక్స్ తీసుకుని సెక్యూరిటీ ఆయన ఒక బిస్కెట్ల అట్టపెట్టెలో వేస్తున్నాడు. ఎప్పట్నుంచి అంటే ఆయనకీ తెలీదు, ముందున్నాయన కూడా వేసేవాడట. పెట్టె నిండితే స్టోర్ రూమ్‌లో పెట్టి కొత్త పెట్టె తెస్తాడు. స్టోర్‌లో అలాంటివి పదకొండు ఉన్నాయి. ఒక పెట్టెలో ఎలుకలు పిల్లలు పెట్టాయి.

అవన్నీ ఎందుకు దాస్తున్నామని అడిగితే, "లీగల్ వాళ్ళు చెప్పారంట సార్" అన్నాడు.

రిజిస్టర్‌లో ఆ లైనుకి కుడి వైపు "గేటు, అట్టపెట్టెలు 11" అని రాశా. టిక్ పెట్టలేదు.